చాకు పిడి మీద ఓడ

పిల్లలూ! ఒక పాత మడత చాకు మీ ఎదుట బల్ల మీద ఉన్నదనుకోండి. మూసి ఉన్నప్పుడు అది మీ అరచేతిలో సరిగ్గా ఇముడుతుంది. దాని పిడి వెన్నలాగా తెల్లగా, కాస్త పసుపు తిరిగి ఉన్నది. ఆ పిడి మీద సన్నటి నల్లగీతలతో ఒక బొమ్మ ఉన్నది. మూడు స్తంభాల ఓడ. దాని తెరచాపలన్నీ గాలికి ఉబ్బి ఉన్నవి. ఓడ ముందు ఒక చిన్న పడవ. పడవ ముందు నీళ్లలోంచి పైకి లేచిన తిమింగలం తోక.

ఈ చాకును చూడగానే మీరు, "అబ్బ, ఎంత బాగున్నదో!" అంటారు. పెద్దవాళ్లు, "దీని వెల ఎంత?" అంటారు. కాని పాత వస్తువులు సేకరించటం తెలిసినవాడు ఈ రెండు మాటలూ వెంటనే అనడు. అతను భూతద్దం తీసి మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. "ఈ పిడి దేనితో చేశారు? ఈ బొమ్మ ఎట్లా గీశారు? ఎప్పుడు గీశారు?"

చాకుకు నోరు లేదు. అయినా చదవటం తెలిస్తే అదీ ఒక పుస్తకమే. రండి, చదువుదాం.

దీపాల కోసం వేట

ఇప్పుడు మీట నొక్కితే దీపం వెలుగుతుంది. రెండువందల ఏళ్ల కిందట అట్లా కాదు. మన ఇళ్లలో ఆముదపు దీపాలు వెలిగేవి. అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ చాలాచోట్ల తిమింగలాల నూనెతో దీపాలు వెలిగించేవారు. అన్నిటికన్న మేలైన నూనె స్పెర్మ్ తిమింగలం తలలో దొరికేది. ఈ జాతిలో మగది 16 మీటర్ల దాకా పెరుగుతుంది. దాని తలలో ఉండే మైనంలాంటి పదార్థంతో కొవ్వొత్తులు కూడా చేసేవారు.

అమెరికా తూర్పు తీరాన మసాచుసెట్స్ రాష్ట్రం ఉన్నది. అక్కడ నాన్‌టకెట్ అనే చిన్న దీవి, న్యూ బెడ్‌ఫర్డ్ అనే రేవు ఉన్నవి. తిమింగలాల వేటకు పోయే ఓడలు చాలావరకు అక్కడినుంచే బయలుదేరేవి. 1840ల నాటికి అమెరికాకు అటువంటి ఓడలు 700కు పైగా ఉండేవి. అవి పసిఫిక్ మహాసముద్రం దాకా, మన హిందూ మహాసముద్రం దాకా వచ్చేవి. ఒక్కొక్క ప్రయాణానికి మూడేళ్లు, నాలుగేళ్లు పట్టేది.

తిమింగలం కనిపించిన రోజున నావికులకు ఊపిరి సలపదు. ఆరుగురు మనుషులు ఒక చిన్న పడవలో దాన్ని వెంటాడి, తాడు కట్టిన ఈటెతో పొడవాలి. అది దెబ్బ తిని పరుగు తీస్తే పడవ దాని వెనకనే ఈడ్చుకుపోతుంది. తాడు కాలికి చుట్టుకొన్నవాడి పని అంతే! 1820లో ఎస్సెక్స్ అనే ఓడను ఒక స్పెర్మ్ తిమింగలం తలతో ఢీకొట్టి ముంచేసింది కూడాను.

కాని తిమింగలం కనబడని రోజులే ఎక్కువ. వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి, నలుదిక్కులా నీళ్లు తప్ప ఏమీ ఉండదు. ఇంటి దగ్గర తల్లి ఉన్నది, భార్య ఉన్నది, తాను బయలుదేరేనాటికి పుట్టని బిడ్డ కూడా ఉండవచ్చు. ఉత్తరం రావాలంటే ఏడాది. అటువంటి రోజులలో చేతులు ఊరుకోలేక చేసిన పనినుంచి ఒక కళ పుట్టింది. దాని పేరు స్క్రిమ్‌షా.

పంటి మీద చుక్కల ముగ్గు

స్పెర్మ్ తిమింగలానికి పైకి కనిపించే పళ్లు కింది దవడకే ఉంటాయి. ఒక్కొక్క పక్క 20 నుంచి 25 దాకా ఉండవచ్చు. పెద్ద పన్ను జానెడు పొడవుండి, కిలో బరువు తూగుతుంది. ఓడ యజమానికి కావలసింది నూనె. పళ్లతో ఆయనకు పని లేదు. అందుచేత అవి నావికుల చేతికి వచ్చేవి.

పచ్చి పన్ను గరుకుగా, చారలు చారలుగా ఉంటుంది. దాన్ని ఉప్పునీళ్లలో నానవేసి, జేబులో ఉన్న చాకుతో గీకి, ఎండిన సొరచేప చర్మంతో రుద్దేవారు. సొరచేప చర్మం మన గరుకు కాగితంలాగా ఉంటుంది. చివరకు అరచేత్తో రుద్దగా రుద్దగా పన్ను అద్దంలాగా మెరిసేది.

తరవాత బొమ్మ. ఓడ మీద అందరూ చిత్రకారులు కారు గదా! అందుకని వాళ్లొక ఉపాయం చేసేవారు. ఏ పత్రికలోనో ఉన్న బొమ్మను పంటి మీద అతికించి, తెరచాపలు కుట్టే సూదితో గీతల వెంబడి చుక్కలు పొడిచేవారు. కాగితం తీసివేస్తే పంటి మీద చుక్కలు మిగిలేవి. ఆ చుక్కలను గీతలతో కలిపితే బొమ్మ తయారు! మన వాకిట్లో అక్కయ్యలు చుక్కల ముగ్గు పెట్టేదీ ఇట్లాగే.

ఇప్పుడు గీతలున్నవి కాని కంటికి ఆనవు. దీపపు మసినో, పొగాకు రసాన్నో పంటి మీద రుద్ది గుడ్డతో తుడిచేస్తారు. నున్నగా ఉన్నచోట మసి నిలవదు. గీతలోకి పోయిన మసి మాత్రం గీతలోనే ఉండిపోతుంది. బొమ్మ చటుక్కున బయటపడుతుంది.

ఈ విద్య మన పెద్దలకు కొత్తదేమీ కాదు. మన తాళపత్ర గ్రంథాలు ఎట్లా రాశారు? తాటాకు మీద గంటంతో గీసి, మసి పూసి తుడిచారు. ఆ అక్షరాలు వందల ఏళ్లు నిలిచాయి. విశాఖపట్నం పనివాళ్లు 18వ శతాబ్దంలో ఏనుగు దంతపు రేకులు తాపిన చందనపు పెట్టెలు చేసేవారు. ఆ దంతం మీద పువ్వులూ, తీగలూ, మేడలూ సన్నగా చెక్కి, గీతలలో నల్ల లక్క నింపేవారు. ఆ పెట్టెలు ఈనాటికీ విదేశీ మ్యూజియాలలో అపురూపంగా ఉన్నవి. నాన్‌టకెట్ నావికుడూ, విశాఖపట్నం పనివాడూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. అయినా ఇద్దరి చేతులూ కనిపెట్టిన కిటుకు ఒక్కటే.

ఈ నావికులలో చాలామంది పేర్లు మనకు మిగలలేదు. తెలిసిన కొద్దిమందిలో నాన్‌టకెట్‌కు చెందిన ఎడ్వర్డ్ బర్డెట్ ఒకడు. అతను 1805లో పుట్టాడు. 1833లో తిమింగలాల వేటలోనే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఫ్రెడరిక్ మైరిక్ అనే మరొక యువకుడు సూసన్ అనే ఓడలో పనిచేస్తూ, 1828, 1829 సంవత్సరాలలో ఆ ఓడ బొమ్మనే పంటి తరవాత పంటి మీద చెక్కాడు. తన పేరూ, తేదీ కూడా వేశాడు. అటువంటి పళ్లు 30కి పైగా దొరికినవి. వాటిని "సూసన్ పళ్లు" అంటారు.

నావికులు పళ్ల మీద బొమ్మలు వేసి ఊరుకోలేదు. చేతికర్రలు, నూలు చుట్టే చట్రాలు, పిండివంటల అంచులు కత్తిరించే పళ్లచక్రాలు చేశారు. మన ఇళ్లలో కజ్జికాయల అంచు కత్తిరించే చక్రం ఉంటుందే, అటువంటివి! అమ్మకూ, భార్యకూ బహుమతులన్నమాట. తమ పనిముట్లకూ, చాకులకూ పిడులు కూడా ఆ దంతంతోనూ, తిమింగలపు ఎముకతోనూ చేసుకునేవారు.

చాకు ఎట్లా మడుస్తుంది?

మడత చాకు చాలా పాతది. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే చోట రెండువేల అయిదువందల ఏళ్లనాటి మడత చాకు దొరికింది. దాని పిడి ఎముకది. అయితే ఆ కాలపు చాకులకు స్ప్రింగు లేదు. ఇంగ్లండులో షెఫీల్డ్ అనే ఊరు చాకులకు పేరు పొందింది. 17వ శతాబ్దంలో అక్కడి పనివాళ్లు చాకు వీపున స్ప్రింగు పెట్టి చెయ్యసాగారు.

దాని కిటుకు తేలిక. చాకులో కోసే ఉక్కురేకును అలుగు అంటారు. అలుగు మొదలు ఒక శీల మీద తిరుగుతుంది. ఆ మొదలును పలకలుగా అరగదీస్తారు. పిడి వీపున ఉన్న స్ప్రింగు దాన్ని ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది. అలుగు పూర్తిగా తెరిచినప్పుడూ, పూర్తిగా మూసినప్పుడూ ఒక పలక స్ప్రింగుకు చదునుగా ఆనుతుంది; చాకు కదలదు. మధ్యలో పలక మూల స్ప్రింగును పైకెత్తుతుంది. అందుకే అక్కడ బిగువుగా ఉంటుంది. చివరకు "టక్" మని కూర్చుంటుంది. సేకరించేవాళ్లు ఆ "టక్" విని స్ప్రింగు బాగున్నదో లేదో చెప్పగలరు.

ఒక్క హెచ్చరిక. ఈ చాకును తెరిచి ఉంచేది ఆ స్ప్రింగు బిగువు ఒక్కటే. అలుగు వీపు మీద బలంగా నొక్కితే అది మీ వేళ్ల మీదికే మూసుకుంటుంది. పాత చాకైనా కొత్త చాకైనా, పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే ముట్టుకోండి.

లోపల ఉక్కు, ఇత్తడి ఉంటాయి. చేతికి మెత్తగా ఉండాలని పిడికి రెండు పక్కలా చెక్కలు తాపుతారు. చెక్కలు అంటే కొయ్యే కానక్కర్లేదు. కొమ్ము కావచ్చు, ఎముక కావచ్చు, ముత్యపుచిప్ప కావచ్చు, దంతం కావచ్చు. బొమ్మ గీసేది ఈ చెక్కల మీదనే.

మూడు ప్రశ్నలకు జవాబులు

ఇప్పుడు భూతద్దం తీసుకుని మన చాకు దగ్గరికి పోదాం.

మొదటి ప్రశ్న: పిడి దేనితో చేశారు? పిడి చివర, అడ్డంగా కోసినచోట చూడండి. ఏనుగు దంతమైతే అక్కడ వలలాగా ఒకదాన్నొకటి దాటే సన్నటి గీతలు కనిపిస్తాయి. అంచు దగ్గర ఆ గీతలు కలిసే కోణం సాధారణంగా 115 డిగ్రీలకు మించి ఉంటుంది. వేల ఏళ్ల కిందట అంతరించిన మామత్ అనే బొచ్చు ఏనుగు దంతమైతే అదే కోణం 90 డిగ్రీలకన్న తక్కువ. చూశారా, మీ లెక్కల పెట్టెలోని కోణమాని ఎక్కడ పనికివచ్చిందో! ఎముకైతే సన్నటి నల్లచుక్కలు, చిన్న గాళ్లు కనిపిస్తాయి. బతికి ఉన్నప్పుడు నెత్తురు ప్రవహించిన దారులవి. ఈ గుర్తులేవీ లేక అంతా ఒకే తీరుగా ఉండి, ఎక్కడో ఒక గాలిబుడగ కనిపించిందా, అది అచ్చు పోసిన ప్లాస్టిక్ కావచ్చు.

కొందరు సూది ఎర్రగా కాల్చి పిడి మీద గుచ్చి చూస్తారు. ప్లాస్టిక్ అయితే కరుగుతుందని వాళ్ల లెక్క. మీరు ఆ పని చెయ్యకండి. నిజం తెలుసుకోవటానికి వస్తువును గాయపరచేవాడు మంచి సేకర్త కాడు.

రెండో ప్రశ్న: బొమ్మ ఎట్లా గీశారు? చేత్తో గీసిన గీత ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన ఉంటుంది. అక్కడక్కడ సూది జారిన జాడ కూడా ఉంటుంది. అచ్చులో వచ్చిన గీత మొదటినుంచి చివరిదాకా ఒకే లోతు, అంచులు గుండ్రన. అటువంటివి రెండు చాకులు పక్కపక్కన పెడితే కవలపిల్లలలాగా ఉంటాయి. చేత్తో గీసినవి రెండు ఎన్నడూ ఒకటిగా ఉండవు.

మూడో ప్రశ్న: ఎప్పుడు? దీనికి రెండుచోట్ల వెతకాలి. అలుగు మొదట్లో, శీలకు దగ్గరగా, చేసినవాళ్ల ముద్ర ఉంటుంది. విదేశాలనుంచి వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. అందుచేత షెఫీల్డ్ చాకు మీద ఊరి పేరుతోపాటు "ఇంగ్లండ్" అని కూడా ఉంటే, అది సాధారణంగా ఆ చట్టం తరవాతిదే.

అమెరికాలోని కేస్ కంపెనీవారి పద్ధతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1970లో వాళ్లు తమ ముద్ర కింద పది చుక్కలు పెట్టారు. 1971లో తొమ్మిది. 1972లో ఎనిమిది. అట్లా ఏటా ఒక చుక్క తీసివేస్తూ వచ్చారు. అయితే ఆ దశాబ్దంలో ఆరు చుక్కలున్న చాకు ఏ ఏటిది? ఆలోచించండి. జవాబు చివర ఉన్నది.

ముద్ర చెప్పేది చాకు వయసు. బొమ్మ వయసు వేరు కావచ్చు! ఎవరో నిన్న మొన్న పాత చాకు కొని, దాని పిడి మీద ఓడ బొమ్మ గీసి, "ఇది నావికుడు గీసింది" అని ఎక్కువ ధరకు అమ్మవచ్చు గదా? అప్పుడు పిడి మీది పగుళ్లను అడగాలి. దంతం వయసు మీరిన కొద్దీ సన్నగా పగుళ్లు తీస్తుంది. గీసేనాటికే పగులు ఉన్నట్టయితే, గీతలో పూసిన సిరా పక్కనున్న పగుళ్లలోకి కూడా పాకుతుంది. అంటే పగులు ముందు, బొమ్మ తరవాత. దొంగను పట్టించిన అడుగుజాడలాగా ఆ సిరా అసలు సంగతి చెప్పేస్తుంది.

ఇన్ని పరీక్షలూ చేస్తే చాలాసార్లు ఏమి తేలుతుందో తెలుసా? ఆ చాకు ఓడలో పుట్టలేదని!

కళ నిద్రపోయి లేచింది

1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఎడ్విన్ డ్రేక్ అనే ఆయన నేలలోకి గొట్టం దింపి రాతినూనె తీశాడు. కిరసనాయిలు చవకగా దొరకసాగింది. తిమింగలపు నూనెకు గిరాకీ పడిపోయింది. 1841లో కట్టిన చార్లెస్ డబ్ల్యు. మోర్గన్ అనే వేట ఓడ 37 ప్రయాణాలు చేసి, 1921లో వేట మానింది. అది ఇప్పుడు కనెటికట్ రాష్ట్రంలో మిస్టిక్ అనే చోట మ్యూజియంగా ఉన్నది. వేటతోపాటు స్క్రిమ్‌షా కూడా చాలావరకు మరుగున పడింది.

1961లో అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనడీకి ఈ పళ్లంటే ఎంతో ఇష్టం. ఆయన వాటిని సేకరించి, తన ఆఫీసు బల్ల మీద పెట్టుకునేవాడు. ఆ రోజుల్లో అందరి చూపూ మళ్లీ స్క్రిమ్‌షా మీద పడింది. కొత్త కళాకారులు బయలుదేరారు. వాళ్లకు చాకు పిడి మంచి పలకలాగా దొరికింది. ష్రేడ్ అనే అమెరికా కంపెనీ 1970లలో దంతపు రంగు ప్లాస్టిక్ పిడుల మీద ఓడలూ, తిమింగలాలూ, జంతువులూ ఉన్న మడత చాకులు అమ్మింది. ఆ కంపెనీ 2004లో మూతపడింది. ఇప్పుడు ఆ చాకులనే చాలామంది సేకరిస్తున్నారు.

"ప్లాస్టిక్‌దా! అయితే నకిలీ గదా?" అంటారేమో. కాదు. నేను ప్లాస్టిక్‌ను అని ఒప్పుకునే వస్తువు నకిలీ కాదు. ప్లాస్టిక్‌ను చూపించి, తిమింగలపు పన్ను అని చెప్పటం నకిలీ. తప్పు వస్తువుది కాదు, మాటది.

తిమింగలం రాసుకున్న పుస్తకం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. స్పెర్మ్ తిమింగలం పన్నును నిలువునా కోస్తే లోపల పొరలు పొరలుగా ఉంటుంది. చెట్టు మానులో వలయాలున్నట్టే, ఏడాదికి ఒక పొర. శాస్త్రజ్ఞులు ఆ పొరలు లెక్కపెట్టి తిమింగలం వయసు చెబుతారు. అంటే నావికుడు పంటి మీద గీయటానికి ఎంతో ముందే, తిమింగలం ఆ పంటిలో తన బతుకు రాసుకున్నదన్నమాట. ఒకే పంటి మీద రెండు రాతలున్నవి. లోపలిది తిమింగలానిది. పైది నావికుడిది. మొదటి రాత ఆగిపోయాకనే రెండో రాత మొదలయింది.

కిరసనాయిలు వచ్చాక తిమింగలాలు బతికిపోయాయని మీరు అనుకోవచ్చు. అట్లా జరగలేదు. ఆవిరి ఓడలూ, ఈటెలు పేల్చే ఫిరంగులూ వచ్చినవి. నూనెను సబ్బుకూ, యంత్రాలకూ వాడసాగారు. 20వ శతాబ్దం ఒక్కదానిలోనే దాదాపు 29 లక్షల పెద్ద తిమింగలాలను చంపారు. ఏనుగుల సంగతీ అంతే. షెఫీల్డ్‌లోని చాకుల కంపెనీలు పిడుల కోసం దంతాన్ని టన్నులకొద్దీ కొనేవి. చాకు పిడికీ, పియానో మెట్లకూ, బిలియర్డు బంతులకూ ఏనుగులు చచ్చిపోయినవి.

చివరకు మనుషులకు తెలివి వచ్చింది. అమెరికా 1972లో సముద్రపు క్షీరదాలను కాపాడే చట్టం చేసింది. మన దేశం అదే ఏట వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసింది. అంతరించిపోయే ప్రాణుల వ్యాపారాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం 1975లో అమలులోకి వచ్చింది. మన దేశం 1976లో అందులో చేరింది. వ్యాపారం కోసం తిమింగలాలను చంపటం ఆపాలని అంతర్జాతీయ తిమింగలాల సంఘం 1982లో తీర్మానించింది. అందుచేత ఎవరైనా, "ఇది నిజమైన దంతం, కొనండి" అని మీ నాన్నగారికి చాకు చూపిస్తే, అది నకిలీ అయితే డబ్బు పోతుంది. నిజమైనదైతే చట్టం తప్పినట్టవుతుంది. రెండు విధాలా నష్టమే.

ఈనాటి మంచి కళాకారులు ప్లాస్టిక్ మీద, పశువుల ఎముక మీద, దక్షిణ అమెరికాలో పెరిగే టాగువా అనే తాటిజాతి చెట్టు గింజ మీద బొమ్మలు గీస్తున్నారు. ఎండిన టాగువా గింజ దంతంలాగానే తెల్లగా, గట్టిగా ఉంటుంది. గింజ కోసం ఏ ప్రాణినీ చంపనక్కర్లేదు. అయినా బొమ్మ అందం ఏమీ తగ్గలేదు!

పాత చాకును ఎట్లా చూసుకోవాలి?

మీ ఇంట్లో తాతగారి పాత చాకు ఉన్నదేమో అడగండి. బొమ్మ లేకపోయినా ఫరవాలేదు. పెద్దవాళ్లతో కలిసి ఈ జాగ్రత్తలు తీసుకోండి.

కొత్తదానిలాగా మెరవాలని గరుకు కాగితంతో రుద్దకండి. ఆకురాయి పెట్టకండి. అరిగిన వాదర, పిడి మీద పడిన పసుపు ఛాయ, అవన్నీ చాకు వయసుకు సాక్షులు. ఒకసారి తుడిచేస్తే మళ్లీ రావు. బొమ్మ ఉన్న పిడిని నీళ్లలో పెడితే గీతలో రంగు పోతుంది. ఎండలో పెడితే దంతమూ, ఎముకా పగులుతాయి. పొడి గుడ్డతో తుడిచి, ఉక్కుకు మాత్రం ఒక చుక్క యంత్రాల నూనె రాస్తే చాలు. తోలు సంచిలో ఏళ్లతరబడి ఉంచకండి. తోలులోని పదార్థాలు ఉక్కునూ ఇత్తడినీ తింటాయి.

ఇంకొక వింత. 1860లలో దంతానికి బదులుగా సెల్యులాయిడ్ అనే ప్లాస్టిక్ వచ్చింది. దానితో పిడులు కూడా చేశారు. సెల్యులాయిడ్ ముసలిదైతే దానిలోంచి ఒక ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి తన అలుగునే కాక, అదే పెట్టెలో ఉన్న పక్క చాకులను కూడా తుప్పు పట్టిస్తుంది! దాన్ని ఎప్పుడూ విడిగా, గాలి ఆడేచోట పెట్టాలి.

మీరే చేసి చూడండి

తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మూత పారేసేది ఒకటి తీసుకోండి. నున్నగా ఉండాలి. పెన్సిలుతో దాని మీద చిన్న బొమ్మ వెయ్యండి. పడవైనా సరే, తాటిచెట్టైనా సరే. పెద్దవాళ్లను పక్కన కూర్చోపెట్టుకుని, లెక్కల పెట్టెలోని విభాగిని మొనతో గీతల వెంబడి నెమ్మదిగా గీయండి. ఎప్పుడూ రెండో చేతికి దూరంగా గీయాలి సుమా! తరవాత కాస్త కాటుక తీసుకుని బొమ్మ అంతటా పులమండి. అంతా పాడయిపోయిందని బెంగపెట్టుకోకండి. మెత్తటి గుడ్డతో తుడవండి. మీ పడవ నల్లగా, స్పష్టంగా పైకి తేలుతుంది.

ఆ పని చేస్తున్నప్పుడు మీ గీత ఒక్కసారైనా జారుతుంది. అప్పుడు నాన్‌టకెట్ నావికుణ్ణి తలచుకోండి. ఓడ ఊగుతుంటే, దీపం వెలుగున, ఇంటికి పోయేది ఎప్పుడో తెలియని మనిషి అన్ని గీతలు ఎట్లా గీశాడో అని ఆశ్చర్యపోతారు. ఆ తిమింగలాన్నీ తలచుకోండి.

మీరు చాకులు కొననక్కర్లేదు. ఒక పుస్తకం కొనుక్కోండి చాలు. చూసిన ప్రతి పాత వస్తువుకూ ఒక పేజీ ఇవ్వండి. అది దేనితో చేశారు, ఎట్లా చేశారు, ఎప్పుడు చేశారు అనే మూడు ప్రశ్నలూ, మీకు తేలిన జవాబులూ అందులో రాయండి. వస్తువులు పోగు చేసేవాళ్లు చాలామంది ఉంటారు. వాటిని చదవగలిగినవాళ్లు కొద్దిమందే. మీరు ఆ కొద్దిమందిలో చేరండి.

(చుక్కల లెక్కకు జవాబు: పది చుక్కలు 1970, ఆరు చుక్కలు 1974.)